అంకెలు చదివే రేడియో

ప్రశ్న: తాతగారి పాత షార్ట్‌వేవ్ రేడియో బాగు చేయించాం. ఓ రాత్రి ఒకావిడ ఏదో పరాయి భాషలో అంకెలే చదువుతూ పోయింది. గూఢచారులకు పంపే సందేశాలట, నిజమేనా? కంప్యూటర్లు వాటిని విప్పలేవా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు విన్నది అదే కావచ్చు. షార్ట్‌వేవ్, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ తరంగాలు, పైనున్న అయనోస్ఫియర్ అనే విద్యుదావేశపు గాలి పొరకు తగిలి వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. పంపే చోటు పట్టుకోవచ్చు. వినేదెవరో తెలియదు, అతని దగ్గర ఉండేది మామూలు రేడియోనే కదా! ఫోనుకైతే ఎవరు ఎవరికి చేశారో రికార్డు ఉంటుంది.

పద్ధతి ఇది. కోడ్ పుస్తకం చూసి మాటల్ని అంకెలుగా మార్చి, ఐదేసి చొప్పున విడగొడతారు. ఒక గుంపు 31725 అనుకోండి. పంపేవాడి దగ్గరా, వినేవాడి దగ్గరా ఒకేలా ఉన్న కాగితంపై రహస్య అంకెలుంటాయి, వాటినే తాళం అంటారు; ఈ గుంపుకు తాళం 48916. అంకె కింద అంకె కూడాలి. 7, 9 కలిపి 16 వస్తే 6 మాత్రమే రాసి, 1ని వదిలెయ్యాలి. వచ్చేది 79631, రేడియోలో చదివేది అదే. అటువైపు మనిషి అందులోంచి తాళం అంకెల్ని ఒక్కొక్కటిగా తీసివేస్తాడు. 6లోంచి 9 పోకపోతే 16లోంచి తీస్తాడు. ఆ కాగితాన్ని వెంటనే కాల్చేయాలి.

తాళం అంకెలు నిజంగా అడ్డదిడ్డంగా ఉండి, ఒక్కసారే వాడితే ఏ కంప్యూటరూ విప్పలేదు. తాళం మారిస్తే 79631లోంచి ఏ ఐదంకెలైనా వస్తాయి; వాటిలో అసలుదేదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మరి ఇలాంటి తాళాలే వాడిన సోవియట్ సందేశాల్ని అమెరికా ఎలా చదివింది?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: తప్పు సోవియట్లు తాళాలు అచ్చేసిన దగ్గర జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ఒత్తిడిలో, 1942లో, కొన్ని తాళం పేజీల్ని రెండేసి సార్లు అచ్చేసి వేర్వేరు పుస్తకాల్లో కుట్టారు. ఒకే తాళం పడ్డ రెండు సందేశాల్ని ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే తాళం ఎగిరిపోయి, రెండు సందేశాల మధ్య తేడా మిగులుతుంది. ఇక మిగిలేది ఊహించి, సరిచూసుకునే పనే. ఏళ్లు పట్టినా, సోవియట్లకు అణు రహస్యాలు చేరవేసిన శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ అలాగే దొరికిపోయాడు. ‘వెనోనా’ అనే ఈ పని 1943 నుంచి 1980 దాకా సాగింది, అధికారికంగా బయటపెట్టింది 1995లో.

క్యూబాకు పనిచేసిన అమెరికా అధికారిణి ఆనా మోంటెస్ కథ వేరు. అంకెల్ని షార్ట్‌వేవ్‌లో విని ల్యాప్‌టాప్‌లో విప్పేది. అందులో చెరిపేసిన రాతను అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తిరిగి రాబట్టింది. 2001 సెప్టెంబరులో అరెస్టయింది. కాగితం కాలితే బూడిదే. అలాంటి హార్డ్ డిస్కులో ‘డిలీట్’ కొట్టినా రాత అక్కడే ఉంటుంది, దానిమీద ఇంకోటి రాసేదాకా.