ఇంటిపేరు ముందుండే పురుగులు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

ఒంటి పక్కల వెంట్రుకల్లాంటి శూకాలుండే సముద్రపు శూకపు పురుగుల (పాలీకీటాల) మీద నీవు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ ఉత్సాహానికి సంతోషించాను. రెండోసారి పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను. పదివేలకు పైగా జాతులు ఉన్నాయన్న మాటతో మొదలుపెట్టి, ఇంద్రధనుస్సు రంగులనీ, మూడు మీటర్ల పొడవనీ, సముద్రం అడుగున వేడినీటి ఊటల పక్కన కాపురమనీ పేజీ నిండా వింతలు పేర్చావు. వాటిలో అబద్ధమేదీ లేదు. కాని ఈ పురుగు ఆ పురుగు కాదని ఎవరు, దేన్ని చూసి తేల్చారన్న సంగతి ఒక్క వాక్యంలోనూ లేదు. వైవిధ్యం గురించి రాసేవారికి ఆ తేల్చడమే అసలు కథ అని నా నమ్మకం.

గాంధీ రోడ్డులో నిలబడి 'వెంకటేశ్వర్లూ' అని కేకవేస్తే ఎంతమంది వెనక్కి తిరుగుతారో నీకు తెలుసు. అందుకే మనం ఇంటిపేరు ముందు చెప్పి, మనిషి పేరు తరువాత చెబుతాం. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ జంతువులకు స్థిరపరచిన రెండు మాటల పేరుదీ ఇదే వరుస: ప్రజాతి ముందు, జాతి తరువాత. తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పనక్కరలేని ఈ సౌకర్యాన్ని నీవు వదిలేశావు. ఆ ఏడాది పుస్తకంలోనే ఆయన నీరిస్ అనే శూకపు పురుగుల ప్రజాతికీ, సముద్రపు చుంచు అనిపించుకునే అఫ్రొడైటా అక్యులియాటాకూ పేర్లు పెట్టాడు గాని, వాటిని నత్తలతోనూ జెల్లీ చేపలతోనూ కలిపి 'పురుగులు' అనే ఒకే బుట్టలో వేశాడు. ఆ బుట్టను విడదీయడానికి తరువాతివారికి ఆధారమైన వాటిలో ఒకటి, నీవు అలంకారంగా మాత్రమే చూసిన శూకం.

పాలీకీటా అంటే గ్రీకులో అనేక వెంట్రుకలు కలది అని అర్థం. ఖండితానికి, అంటే ఒంటిలోని ఒక్కో కణుపుకు, రెండు వైపులా పార్శ్వపాదం, దాని నుంచి పొడుచుకువచ్చిన, కైటిన్ అనే గట్టి పదార్థపు శూకాల గుత్తి. ఇంతవరకు ఇంటర్మీడియట్ పుస్తకంలోనే ఉంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కొన్ని శూకాలు ఒకే ముక్కగా ఉంటాయి, కొన్నింటికి మధ్యలో కీలు ఉంటుంది, గొట్టాల్లో బతికే చాలా పురుగులకు గోడను పట్టుకోవడానికి చిన్న కొక్కేల వరుసలు ఉంటాయి. నీరిస్ కుటుంబంలోనైతే గొంతును బయటికి తిప్పి, దాని మీది పంటి బొడిపెలు ఎన్ని, ఏ వరుసలో ఉన్నాయో లెక్కపెట్టాలి. ఈ లెక్క విసుగు పుట్టిస్తుందని నీవు భయపడ్డావేమో. నాకు మాత్రం నీ ఇంద్రధనుస్సు కన్నా అదే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇండోనేషియా సముద్రాల లోతుల నుంచి తెచ్చిన, నోరూ పేగూ లేని దారాల్లాంటి జీవులకు 1914లో మొదటిసారి పేరు పెట్టారు. అవి ఏ వంశానివో తెలియక, తరువాత వాటిని ప్రత్యేక వర్గంగా నిలబెట్టారు. వెన్నెముక గల జంతువుల వైపు శాఖకు చెందినవని వాదించినవారూ ఉన్నారు. చిక్కు ఎక్కడుందంటే, అడుగు బురదలో నుంచి వలతో లాగేటప్పుడు ఆ పురుగుల తోకభాగం తెగి అక్కడే ఉండిపోయేది. 1964లో ఆ కొస చేతికి దొరికి చూస్తే, ఖండితాలున్నాయి, ఖండితాలకు శూకాలున్నాయి. యాభై ఏళ్లు గడిచినా కులం తెలియని జీవికి తెగిపోయిన తోక సాక్ష్యం చెప్పింది. 1977లో గెలాపగోస్ దగ్గర వేడినీటి ఊటల వద్ద కనిపించిన, ఒంట్లోని బాక్టీరియా మీద ఆధారపడి బతికే రిఫ్టియా కూడా ఇప్పుడు ఈ కుటుంబంలోనే ఉంది. నీ వ్యాసంలో రిఫ్టియాకు నాలుగు వాక్యాలున్నాయి, ఆ తోకకు ఒక్కటీ లేదు.

మూడో పేజీలో వీటిని 'సముద్రపు వానపాములు' అన్నావు. వినడానికి బాగుంది కాని చుట్టరికం తలకిందులయింది. 2011లో జన్యువుల ఆధారంగా గీసిన వంశవృక్షంలో వానపాములూ జలగలూ శూకపు పురుగుల కొమ్మల మధ్యలోనే తేలాయి. అంటే మన పెరటి వానపామే ఆ సముద్రపు ఇంటి నుంచి వచ్చిన శాఖ. కాబట్టి వానపామును బయట నిలబెట్టి పాలీకీటాను ఒక తరగతిగా చెప్పడం ఇప్పుడు వాడుక సౌలభ్యమే. ఆ మాట ఒక్కసారి చెప్పి ముందుకు సాగు.

పేరు విషయంలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికకు రాసిన వ్యాసంలో, మన తీరపు పురుగొకదానికి పాత గ్రంథంలో ఉన్న మార్ఫైసా సాంగ్వినియా అన్న పేరును ఆలోచించకుండా ఎత్తిరాశాను. ఆ పేరు పందొమ్మిదో శతాబ్దపు ఆరంభంలో ఇంగ్లండులోని డెవన్ తీరపు పురుగుకు పెట్టినది. తరువాత ప్రపంచమంతటా పోలికగల ప్రతి పురుగుకూ దాన్నే తగిలించారు. ఇప్పుడు ఒక్కొక్కదాన్నే విడదీసి వేరే పేర్లు పెడుతున్నారు. 1953లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫోవెల్ భారతదేశపు పాలీకీటాల మీద వెలువరించిన గ్రంథం నేటికీ ఆధారమే, కాని అందులోని యూరప్ పేర్లను ఇలాగే జాగ్రత్తగా చూడాలి. కలుషితమైన నీటికి గుర్తుగా చెప్పుకునే కాపిటెల్లా కాపిటాటా అన్న ఒక్క పేరు కింద కనీసం ఆరు జాతులు దాగి ఉన్నాయని 1976లోనే తేల్చారు. గాంధీ రోడ్డు వెంకటేశ్వర్లు సంగతే ఇది, కాకపోతే ఇక్కడ ఇంటిపేరు చేర్చి పిలిచినా ఆరుగురు పలుకుతున్నారు.

సముద్రం లేని ఊళ్లో కూర్చుని ఇదంతా ఎలా చూడాలని అడుగుతావేమో. 2022 నుంచి సూళ్లూరుపేట మన జిల్లాలోదే, పులికాట్ సరస్సు దాన్ని ఆనుకునే ఉంది. చలికాలంలో అందరూ ఫ్లెమింగోల కోసం వెళ్తారు. నీవు నీరు తీసిన బురదలో ఉల్లంకి పిట్టలు ముక్కు గుచ్చి ఏమి లాగుతున్నాయో చూడు. రొయ్యల హేచరీలలో తల్లి రొయ్యలకు ఈ పురుగులనే మేతగా వేస్తారు, సహజ జలాల్లో పట్టినవాటితో రోగాలు కూడా వస్తాయి. అక్కడ పనిచేసేవారిని అడిగి, వాళ్లు వాడే పేర్లను వాళ్ల నోట విన్నట్టే రాసుకో. పురుగు దొరికితే ఒకదాన్ని ఫార్మాలిన్‌లో, ఇంకొకదాన్ని ఆల్కహాల్‌లో ఉంచు. మొదటిది ఆకారాన్ని నిలుపుతుంది కాని డీఎన్‌ఏను పాడుచేస్తుంది, రెండోది డీఎన్‌ఏను కాపాడుతుంది. సీసాలో వేసే చీటీ మీద చోటు, తేదీ పెన్సిలుతో రాయి, సిరా కరిగిపోతుంది.

విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం వారిని అడిగి సూక్ష్మదర్శిని దగ్గర ఒక పూట కూర్చో. ఒక్క పార్శ్వపాదం బొమ్మ నీ చేత్తో గీసి, దానితోపాటు వ్యాసం మొదటి పేజీ మాత్రం తిరగరాసి పంపించు. మిగతా పేజీలు నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి