ఉరి తీస్తే ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: ఘోరమైన హత్య చేశాడని కోర్టే తేల్చిన మనిషిని ఏళ్ల తరబడి మన పన్నుల సొమ్ముతో జైల్లో మేపడం ఎందుకు? డీఎన్ఏ పరీక్షలు వచ్చాక కూడా నిర్దోషికి శిక్ష పడుతుందేమోనని భయపడటం అతి జాగ్రత్త కాదా? యావజ్జీవం వేస్తే పద్నాలుగేళ్లకే బయటికి వచ్చేస్తాడు కదా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఖర్చు సంగతి ముందు చూద్దాం, మీ ప్రశ్నల్లో తేలికైనది అదే. మరణశిక్ష పడ్డ ఖైదీ మర్నాడే ఉరికంబం ఎక్కడు. సెషన్స్ కోర్టు విధించిన ఆ శిక్షను హైకోర్టు ఖరారు చేయాలి. ఆ తర్వాత సుప్రీంకోర్టులో అప్పీలు, తీర్పును మళ్లీ చూడమనే రివ్యూ, అదీ కొట్టేస్తే చివరి ప్రయత్నంగా వేసే క్యూరేటివ్ పిటిషన్, చివరికి గవర్నరుకూ రాష్ట్రపతికీ క్షమాభిక్ష అర్జీలు ఉంటాయి. 2012 డిసెంబరు నాటి నిర్భయ కేసులో, దేశమంతా తొందరపెడుతున్నా, ఉరి అమలైంది 2020 మార్చి 20న. అన్నాళ్లూ ఖైదీ తిండి, కాపలా, ప్రభుత్వ న్యాయవాదుల ఫీజులు ఖజానా భరించవలసినవే. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1978 నుంచి మరణశిక్షల మీద సుమారు 400 కోట్ల డాలర్లు ఖర్చయిందని 2011లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, ఒక న్యాయశాస్త్ర ఆచార్యురాలు లెక్కగట్టారు. ఆ కాలంలో అమలైన శిక్షలు 13. ఈ దశలన్నీ ఎత్తేస్తే డబ్బు మిగులుతుందనవచ్చు గానీ, కింది కోర్టుల తప్పులు బయటపడుతున్నది ఆ దశల్లోనే.

పై కోర్టు తప్పులు కూడా. మహారాష్ట్రలో 2003లో జరిగిన ఒక దోపిడీ, హత్యల కేసులో సంచార తెగలకు చెందిన ఆరుగురికి 2006లో మరణశిక్ష పడింది. బొంబాయి హైకోర్టు వారిలో ముగ్గురికి దాన్ని యావజ్జీవంగా తగ్గిస్తే, 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరే సరైనదంది. అదే సుప్రీంకోర్టు 2019 మార్చిలో ఆ ఆరుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టి, ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు పరిహారం ఇమ్మని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఘటన నుంచి ప్రాణాలతో బయటపడిన సాక్షి, పోలీసులు చూపిన ఫోటోల్లో వేరే నలుగురిని గుర్తుపట్టినా ఆ సంగతిని ప్రాసిక్యూషన్ పక్కన పెట్టింది. 2009 తీర్పును వెంటనే అమలు చేసి ఉంటే ఆ పరిహారం ఎవరి చేతిలో పెట్టేవారు?

డీఎన్ఏ ఈ బెడదను తీర్చదు. పరీక్ష ఎంత కచ్చితమైనదైనా, నమూనా ల్యాబుకు చేరేదాకా ఎవరి చేతుల్లో ఉందన్నది మనుషుల వ్యవహారం. ఢిల్లీలోని ఛావ్లాలో ఒక యువతిపై జరిగిన అత్యాచారం, హత్య కేసులో నమూనాలు రోజుల తరబడి పోలీసు మాల్‌ఖానాలో (కేసు వస్తువులు దాచే గదిలో) పడి ఉన్నాయన్న కారణం కూడా చూపి, మరణశిక్ష పడ్డ ముగ్గురిని సుప్రీంకోర్టు 2022 నవంబరులో విడుదల చేసింది. మన దగ్గరి సంగతే చూడండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగినప్పుడు, పోలీసులు పట్టుకొచ్చిన యువకుడు అసలు నేరస్థుడు కాడని ఆమె తల్లే మొదటి నుంచీ అంటూ వచ్చారు. 2010లో అతనికి యావజ్జీవం పడింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో పోయాయి, ప్రాణం మాత్రం మిగిలింది.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఇటువంటి పొరపాటు కాదు. నేరం రుజువైన చోట కూడా ఎవరిని ఉరితీయాలన్న ఎంపికలో పొరపాటు జరుగుతుంది, దాని గురించి మనం మాట్లాడుకోం. ఉత్తరప్రదేశ్‌లో ఒకే హత్యల కేసులో, ఒకే సాక్ష్యం మీద, జీతాసింగ్, కశ్మీరాసింగ్, హర్బన్స్‌సింగ్ అనే ముగ్గురికి మరణశిక్ష పడింది. ముగ్గురూ విడివిడిగా సుప్రీంకోర్టుకు వెళ్లారు, మూడు వేర్వేరు ధర్మాసనాల ముందుకు వచ్చారు. 1976లో జీతాసింగ్ పిటిషన్ కొట్టివేశారు. 1977లో కశ్మీరాసింగ్ శిక్షను యావజ్జీవంగా తగ్గించారు. ఆ తగ్గింపు సంగతి దృష్టికి రాకుండానే 1978లో హర్బన్స్‌సింగ్ పిటిషన్‌ను కొట్టివేశారు. మిగిలిన ఇద్దరికీ 1981 అక్టోబరు 6న ఉరి అని నిర్ణయమైంది. హర్బన్స్‌సింగ్ చివరి ఘడియలో మళ్లీ కోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నాడు. జీతాసింగ్ వెళ్లలేదు, ఆ రోజే అతన్ని ఉరితీశారు. 1982లో కోర్టు ఈ అసమానతను గుర్తించి, హర్బన్స్‌సింగ్ శిక్ష తగ్గించమని రాష్ట్రపతికి సిఫారసు చేసింది. ముగ్గురిలో ఒకడు చనిపోవడానికీ ఇద్దరు బతకడానికీ నేర తీవ్రతతో సంబంధం లేదు. ఏ ధర్మాసనం, ఏ తేదీ, ఎవరు పిటిషన్ వేశారు అన్నవే తేల్చాయి. 'అరుదైన వాటిలో అత్యంత అరుదైన' కేసుల్లోనే ఉరి అని 1980లో బచన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, ఏది అరుదో తేల్చేది ఆ ధర్మాసనంలోని న్యాయమూర్తులే. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, మరణశిక్ష పడ్డ ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఆర్థికంగా బలహీనులు. మంచి వకీలును పెట్టుకోగలవాడు ఉరికంబం దాకా వెళ్లడం ఎంత అరుదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక పద్నాలుగేళ్ల మాట. యావజ్జీవమంటే చట్టప్రకారం బతికున్నంత కాలం. పద్నాలుగేళ్లన్నది శిక్ష తగ్గింపును పరిశీలించడానికి ముందు గడపవలసిన కనీస కాలమే తప్ప విడుదల తేదీ కాదు. అదీ చాలదనుకున్న కేసుల్లో ఎటువంటి తగ్గింపూ లేకుండా జీవితాంతమో, నిర్ణీత సంవత్సరాలో జైల్లోనే ఉంచేలా హైకోర్టు, సుప్రీంకోర్టు శిక్ష విధించవచ్చు. 2008లో, భార్యను చంపిన స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు ఈ మార్గాన్ని చూపింది, 2015లో రాజ్యాంగ ధర్మాసనం ఖరారు చేసింది. శ్రద్ధానందకు ఉరి వేయాలా వద్దా అన్న దాని మీద అంతకుముందు ఇద్దరు న్యాయమూర్తులకే ఏకాభిప్రాయం కుదరలేదు.