మద్రాసుకు మళ్లీ వెళ్లాలంటే: అంగళ్లు, కాఫీ హోటళ్లు, పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల నా చదువంతా మద్రాసులోనే జరిగింది. ఆయన రిటైరయ్యాక 1994లో విజయవాడ వచ్చేశాము. ఆ తర్వాత పెళ్లికో పేరంటానికో వెళ్లి ఆ రాత్రికే రైలెక్కడం తప్ప ఊరు చూసింది లేదు. ఈ డిసెంబరు చివరిలో మా అమ్మాయిని తీసుకుని మూడు రోజులు వెళ్లాలనుకుంటున్నాను. అమ్మ వెంట కొత్వాల్ చావడికి కూరగాయలకు వెళ్లడం, డ్రైవ్-ఇన్ వుడ్‌ల్యాండ్స్‌లో చెట్ల కింద టిఫిను తినడం నాకు బాగా గుర్తు. అవి ఇప్పుడున్నాయా? గుళ్లు, బీచి అందరూ చూపిస్తారు. అంగళ్లూ కాఫీ హోటళ్లూ తిరుగుతూ ఊరిని చూపించాలంటే ఎలా వెళ్లమంటారు?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీరడిగిన రెండూ మీకు గుర్తున్న రూపంలో ఇప్పుడు లేవు. కెథీడ్రల్ రోడ్డులో 1962లో మొదలైన డ్రైవ్-ఇన్ వుడ్‌ల్యాండ్స్ 2008లో మూతపడింది. ఆ స్థలంలో 2010లో సెమ్మొళి పూంగా అనే ఉద్యానవనం వచ్చింది. నీడ దొరుకుతుంది, టిఫిను దొరకదు. దాని కోసం ఒక పూట కేటాయించవద్దనే నా సలహా.

కొత్వాల్ చావడి సంగతి వేరు. జార్జ్‌టౌన్‌లో కన్యకా పరమేశ్వరి దేవస్థానం స్థలంలో, మన వైశ్య కుటుంబాల పెద్దరికం కింద తరతరాలుగా నడిచిన ఆ టోకు మార్కెట్టును, ఆ ఇరుకు సందులు లారీల తాకిడిని ఇక తట్టుకోలేని పరిస్థితి వచ్చాక, 1996లో కోయంబేడుకు తరలించారు. మద్రాసు పేరు అధికారికంగా చెన్నై అయింది కూడా ఆ ఏడాదే. స్థలం మారింది కానీ వ్యాపారం మారలేదు కనుక, మీ అమ్మగారు బేరమాడిన మార్కెట్టును మీ అమ్మాయికి చూపించాలంటే జార్జ్‌టౌన్‌కు కాక కోయంబేడుకే తీసుకువెళ్లాలి.

అయితే అక్కడికి వేళ తప్పి వెళ్తే ఖాళీ బుట్టలు, తొక్కిన క్యాబేజీ ఆకులు తప్ప ఏమీ కనిపించవు. దాదాపు 295 ఎకరాల ఆ ఆవరణలో అసలు పని రాత్రి మొదలవుతుంది. మదనపల్లె, పలమనేరు, కోలారు వైపు నుంచి టమాటా, మహారాష్ట్ర నుంచి ఉల్లి, నీలగిరి కొండల నుంచి క్యారెట్టు, బీట్‌రూట్టు వేసుకుని లారీలు అర్ధరాత్రి దాటాక వరుస కడతాయి. తెల్లవారేసరికి ఊళ్లోని చిల్లర వ్యాపారులు, హోటళ్ల వాళ్లు తమ సరుకు తాము ఎత్తుకుపోతుంటారు. నాలుగున్నర, ఐదు గంటలకల్లా అక్కడ ఉండగలిగితే ముందు పూల మార్కెట్టులోకి వెళ్లండి. మల్లె, కనకాంబరం, సంపంగి, చామంతి గోనెల్లోంచి కుమ్మరించి కాటా వేస్తుంటే, మూటలు మోసేవాళ్లు దారి ఇమ్మని అరుస్తూ మిమ్మల్ని రాసుకుంటూ పోతుంటే, అక్కడ నిలబడి ఫొటోలు తీసుకోవడం వాళ్ల పనికి అడ్డు. పక్కకు జరిగి చూడడమే మర్యాద. డిసెంబరులో మల్లె దిగుబడి పడిపోతుంది కనుక ధర వింటే మీరు ఉలిక్కిపడవచ్చు. ఈశాన్య రుతుపవనాల తడి ఇంకా ఆరి ఉండదు కాబట్టి ఇద్దరూ పాత చెప్పులే వేసుకోండి, చీర అంచు బురదకు అందకుండా చూసుకోండి. ప్రయాణం జనవరి రెండో వారానికి జరుపుకోగలిగితే, సంక్రాంతికి ముందు అక్కడ ప్రత్యేకంగా వెలిసే చెరకు గడల, పసుపు కొమ్మల సంత కూడా చూడవచ్చు.

జార్జ్‌టౌన్‌కు సాయంత్రం వెళ్లండి. గోవిందప్ప నాయకన్ వీధిలో, చుట్టుపక్కల సందుల్లో కిరాణా, సుగంధ ద్రవ్యాల టోకు వ్యాపారం ఇప్పటికీ బలంగానే ఉంది. మింటు వీధిలో ఉత్తరాది మిఠాయి కొట్ల ముందు వేడి బాదం పాలు, జిలేబీ. ఎన్.ఎస్.సి. బోసు రోడ్డులో సీనా భాయ్ టిఫిన్ సెంటర్‌లో నెయ్యీ కారప్పొడీ దట్టించిన ఇడ్లీ, ఊతప్పం సాయంత్రం పూటే దొరుకుతాయి, అవీ నిలబడి తినాలి. అక్కడి నుంచి హార్బరు వైపు నడిస్తే, బర్మా బజారు వెనక సెకండ్ లైన్ బీచి వీధిలో అత్తో బండ్లు కనిపిస్తాయి. పసుపు రంగు నూడుల్స్‌లో పచ్చి క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు, వెల్లుల్లి నూనె వేసి చేత్తో కలిపి, పక్కన అరటిదూట సూపు పోసి ఇస్తారు. 1962లో సైనిక పాలన వచ్చాక రంగూన్ వదిలి రావలసి వచ్చిన వాళ్లు తెచ్చిన తిండి అది. అలా వచ్చినవాళ్లలో తమిళులతో పాటు మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల వాళ్లూ ఉన్నారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు వెనక ఉన్నది ఆ వలసే. మీరు చదువుకునే రోజుల్లో ఈ బండ్ల దగ్గరికి ఆడపిల్లలను ఎవరూ పంపి ఉండరు కనుక, ఇది మీకూ మీ అమ్మాయికీ కూడా కొత్త రుచి కావచ్చు.

కాఫీ, టిఫిన్లకు ఒక ఉదయం మైలాపూరుకు ఇవ్వండి. అరండేల్ వీధిలోని రాయర్స్ మెస్ ఇరుకైన చోటు, కూర్చునే జాగా తక్కువ. ఆలస్యంగా వెళ్తే పొంగలి అయిపోయిందంటారు, అంటే అన్నారని బాధపడకూడదు. తూర్పు మాడవీధిలోని కర్పగాంబాళ్ మెస్‌లో అడై (పప్పుల దోసె), కీరై వడ (ఆకుకూర వడ) అడగండి. దక్షిణ మాడవీధిలో నేల మీద కుప్పలు పోసుకుని అమ్మే కూరగాయల వాళ్ల దగ్గర, మన ఊళ్లలో దొరకడం కష్టమైన లేత అరటిపూలు, అరటిదూట, సుండక్కాయలు (ఉస్తికాయలు) చూడవచ్చు. మెట్రో రెండో దశ పనులతో లజ్ పరిసరాల్లో దారులు మళ్లించారు, ఆటోవాడు తిప్పి తీసుకెళ్తే అనుమానించకండి. తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్)లో 1948 నుంచి నడుస్తున్న రత్నా కేఫ్‌ను మాత్రం వదలవద్దు. ఉత్తరాది కుటుంబం పెట్టిన ఆ హోటల్లో ఇడ్లీని సాంబారులో ముంచరు, సాంబారులో ఇడ్లీని ఈదిస్తారు. మీకది తెలిసే ఉంటుంది. రుచి అప్పటిలాగే ఉందా అని కొలవడం మొదలుపెడితే తిన్న సుఖం పోతుంది. సాంబారు ఇంకా కాస్త పోయమని అడగడమే మేలు.

మీరు డిసెంబరు చివరిలో వెళ్తున్నారు గనుక, ఏడాదిలో మరెప్పుడూ దొరకనిది ఒకటుంది. మార్గళి (ధనుర్మాస) సంగీతోత్సవాల సమయంలో, కచేరీలు పెట్టే సంగీత సభల ఆవరణలో వెలిసే క్యాంటీన్లు. ఆ ఉత్సవాలకు పెద్దదిక్కయిన మ్యూజిక్ అకాడమీ, 1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెస్ మహాసభలతో పాటు జరిగిన సంగీత సమావేశం నుంచి పుట్టి, 1928లో ఏర్పడింది. లోపల త్యాగరాజ కృతి సాగుతుండగా బయట అరటి ఆకులో భోజనం, మధ్యాహ్నం కాశీ హల్వా (బూడిదగుమ్మడి హల్వా), వాళైపూ వడ (అరటిపువ్వు వడ), కాఫీ. చాలా సభల్లో కచేరీ టికెట్టు లేకపోయినా క్యాంటీను వరకు వెళ్లవచ్చు. పేరుపొందిన వంటవాళ్లు ఏటా సభలు మారుతుంటారు కాబట్టి, ఈసారి ఎవరు ఎక్కడ వండుతున్నారో వెళ్లాక క్యూలో నిలబడ్డ పెద్దవాళ్లనే అడగండి. పాటగాళ్ల మీద కంటే వంటగాళ్ల మీద వాళ్ల అభిప్రాయాలు పదునుగా ఉంటాయి.

టీ నగర్ పాండీ బజారుకు సమయం మిగిలితేనే. 2019లో వెడల్పు చేసిన కాలిబాటల మీద ఇప్పుడు హాయిగా నడవవచ్చు గానీ, తిండి కోసం వెళ్లవలసిన చోటు కాదు. పానగల్ పార్కు దగ్గర ఆగితే మాత్రం, ఆ పేరు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవి) ఉన్న తెలుగు జమీందారు పానగల్ రాజాదని మీ అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న: చెన్నై వెళ్లినప్పుడల్లా కాఫీ పొడి తెచ్చుకుంటాము. నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత ఆ రుచి రాదు. లోపం పొడిలోనా, మా పాలలోనా?
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ఎక్కువగా పొడి వయసులోనే. గింజ వేయించి అప్పటికప్పుడు ఆడించి ఇచ్చే దుకాణాల్లో కొంటున్నారు కనుక మొదటి రోజుల్లో వాసన ఘాటుగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ అది పోతుంది. ఒకేసారి కిలో తెచ్చుకునే బదులు, పావుకిలో చొప్పున విడివిడిగా కట్టించుకుని, ఒక్కొక్కటే విప్పి గాలి చొరని డబ్బాలో పోసుకోండి. పీబెర్రీ, ప్లాంటేషన్-ఏ అనే రెండు రకాల గింజలు సగం సగం కలిపించుకోవడం అక్కడ మామూలే. చికోరీ ఎంత శాతమో పొట్లం మీద తప్పనిసరిగా ముద్రించాలి; నూటికి ఇరవై వరకు ఉంటే డికాక్షన్‌కు చిక్కదనం వస్తుంది, నలభై ఉంటే కాఫీ రుచి పక్కకు తప్పుకుంటుంది. డికాక్షన్‌ను మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగించవద్దు, వేడి పాలే దానిలో పోయండి. పాలు వెన్న తీయనివై ఉండాలి. ఈ విషయంలో ఒంగోలు చెన్నైకి తీసిపోదు.

ప్రశ్న: తమిళం రాదు. కోయంబేడులో ఒక్క కిలో, రెండు కిలోలు కొనడం సాధ్యమేనా?
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: భాష అడ్డం కాదు. చిత్తూరు జిల్లా నుంచి లారీలు నిత్యం వచ్చే చోట తెలుగు అర్థంకాని వ్యాపారి అరుదు. టోకు కొట్లలో మాత్రం బస్తా, పెట్టె లెక్కనే ఇస్తారు, కిలో అడిగితే తలెత్తి చూడరు. అదే ఆవరణలో, నడవల పక్కన చిల్లరగా అమ్మేవాళ్లు వేరుగా ఉంటారు. తెల్లవారి ఏడు దాటాక వాళ్ల దగ్గరికి వెళ్లండి, సంచి మీరే తీసుకువెళ్లండి.