కొత్త డీజిల్ కారు కొన్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు డీజిల్ కారు కొన్నావనీ, వచ్చే వారం నుంచి ఆఫీసుకు నువ్వే నడుపుకుంటూ వెళతావనీ మీ నాన్న చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంతకాలం నువ్వు నడిపింది పెట్రోలు బండి. ఆ అలవాట్లతో దీన్ని నడిపితే వేగంగా వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు, నెమ్మదిగా వెళ్లేటప్పుడే చిక్కులు వస్తాయి.

డీజిల్ ఇంజన్‌లోకి అదనంగా గాలిని నెట్టి బలాన్నిచ్చే పంకా లాంటిది టర్బో. దాన్ని తిప్పేది ఇంజన్ వదిలే పొగే. బండిని బట్టి 1500 నుంచి 2000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) చేరేవరకు ఆ పొగకు తగినంత ఊపు ఉండదు కాబట్టి బండి మందకొడిగా ఉంటుంది, ఆ గీత దాటగానే బలమంతా ఒక్కసారిగా వస్తుంది.

ఇది తెలియకనే నేను డీజిల్ బండికి మారిన మొదటి నెలలో ఒక సాయంత్రం రెండో గేరులో కూడలి దగ్గరకు వచ్చి, వాహనాల మధ్య సందు కనబడగానే, బండి ఇంకా దొర్లుతూనే ఉంది కదా అని గేరు మార్చకుండా యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజన్ గురగురమని వణికిందే తప్ప బండి కదిలినట్టే లేదు. రోడ్డుకు అడ్డంగా సగంలో ఉన్నాను, పక్కనుంచి లారీ వస్తోంది. భయంతో పాదాన్ని చివరికంటా నొక్కేశాను. మీ పెద్దమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకున్న ఆ రెండు క్షణాలు గడిచాక టర్బో మేలుకొని, ఎవరో వెనకనుంచి తన్నినట్టు బండి ముందుకు దూకింది. లారీని తప్పించుకున్నాను గానీ, ఎదుట ఆగి ఉన్న కారుకు జానెడు దూరంలో బ్రేకు పట్టింది. నేను దారిపొడవునా బండినే తిట్టాను. మీ పెద్దమ్మ ఇల్లు చేరేవరకు ఒక్క మాటా అనలేదు. ఆవిడ తిట్టి ఉంటే తప్పు నాదని అప్పుడే ఒప్పుకునేవాణ్ణేమో.

అందుకే, మనిషి నడిచేంత వేగానికి బండి తగ్గితే మొదటి గేరులోకి రావాలి. గేరు పడకపోతే బలవంతం చేయకుండా పూర్తిగా ఆపి వెయ్యి. సందు చిన్నదైతే వదిలెయ్యి, వెనకవాడు ఎంత హారన్ కొట్టినా సరే.

ట్రాఫిక్‌లో మొదటి గేరు వేసి క్లచ్ పూర్తిగా వదిలితే, యాక్సిలరేటర్ ముట్టకపోయినా ఇంజన్ తనంతట తానే బండిని నెమ్మదిగా లాగుతుంది. ముందు బండికి కాస్త దూరం ఉంచి అలాగే సాగనివ్వు. హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం నొక్కి ఉంచి, గంటలకొద్దీ పాకిస్తే క్లచ్ ప్లేటు మాడుతుంది. ఆ వాసన నీ బండిలో వచ్చిందని తెలిస్తే, పెళ్లీడుకొచ్చిన పిల్లవని కూడా చూడకుండా కేకలేస్తాను. ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వాడు. తక్కువ వేగంలో పెద్ద గేరు వేసి ఇంజన్‌ను మూలిగించకు.

రోజూ దగ్గరి దూరాలకే తిప్పితే పొగగొట్టంలోని ఫిల్టరులో మసి పేరుకుంటుంది, అది కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కాలి. కాబట్టి అప్పుడప్పుడు హైవే మీద కాసేపు ఆగకుండా నడుపు.

ఆఫీసుకు వెళ్లేముందు ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానానికి వెళ్దాం. నేను పక్క సీట్లో కూర్చుంటాను. మాట్లాడకుండా ఉండలేనని ముందే చెబుతున్నాను. మీ పెద్దమ్మ వెనక సీట్లో కూర్చుంటానంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న