డాబా మీద ఎండ, చేతిలో మూడు వేలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఎండ గురించే. నాలుగు తీసుకున్నా. మొదటిదానికే సగం పేజీ పోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. అద్దె ఇల్లు, రెండో అంతస్తు, మా పైన డాబానే. నేను, మా ఆయన, ఐదేళ్ల పాప, చిన్న బాబు. మే నెలలో బాబు రెండో పుట్టినరోజు, పదిహేను మందిని పిలిచాం, మా అత్తామామలు జనగామ నుంచి వస్తున్నారు. హాల్ గోడకు ఇటుకల డిజైన్ స్టిక్కర్, ప్లాస్టిక్ పూల తీగలు, సీరియల్ లైట్లు కొనాలనుకుంటున్నా. ఇంటికి మూడు వేలకు మించి పెట్టలేం, తిండి ఖర్చు వేరే. వంట నేనే చేయాలి, కానీ వంటింట్లో పది నిమిషాలు నిలబడితే చెమటతో తడిసిపోతున్నా. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లీ, ముందు ఆ స్టిక్కర్ సంగతి తేల్చేద్దాం. కొనొద్దు. కాజీపేటలో అద్దెకున్నప్పుడు నేనూ అంటించా, అదే ఇటుకల డిజైను. ఏప్రిల్‌లో పడమటి గోడ కాగి జిగురు మెత్తబడి ఒక మూల లేచింది, మా చిన్నోడు ఊరుకుంటాడా, పట్టుకుని లాగితే గోడ పెయింటుతో సహా చాపలా ఊడొచ్చింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో పెయింటు ఖర్చు పట్టుకునే మిగతాది ఇచ్చారు. స్టిక్కర్ చవకే, ఊడిన గోడ చవక కాదు.

ఇంకోటి. కూర్చోలేనంత ఉడికే హాల్‌కు ఎన్ని పూలు కట్టినా వచ్చినవాళ్లు విసనకర్ర కోసమే వెతుక్కుంటారు. అందుకే ఆ మూడు వేలూ ముందు వేడిని ఆపడానికి పెట్టు, మిగిలినదాంతో అందం చూద్దాం.

మీ వేడంతా పైనుంచే వస్తోంది. పొద్దంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పదింటిదాకా దాన్ని కిందికి వదులుతూనే ఉంటుంది, ఫ్యాను వేస్తే పైన చేరిన ఆ వేడిగాలే నెత్తిన పడుతుంది. ఓనర్‌ను అడిగి డాబాకు తెల్ల సున్నం కొట్టించు. ఆయన నసిగితే మన తెలంగాణ ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందని చెప్పు, ఎండను వెనక్కి కొట్టే కప్పు ఉంటే ఇల్లు చల్లగా ఉంటుందనేదే అందులో అసలు మాట. ఖర్చు సగం సగం అన్నావంటే దాదాపు ఒప్పుకుంటాడు. మనిషిని పెట్టకుండా మీ ఆయన, నువ్వు కలిసి చేసుకోవచ్చు. డాబా ఊడ్చి, కడిగి, ఆ తడి ఆరకముందే మొదటి పూత వేయాలి, పొడి స్లాబు మీద వేస్తే సున్నంలో నీళ్లన్నీ అది పీల్చేసుకుని తర్వాత పొడిలా రాలిపోతుంది. సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపితే నడిచినప్పుడు కాళ్లకు అంటదు. మొదటి పూత ఆరాక రెండోది. పొద్దున ఎండ ఎక్కకముందే చేయండి. రాయి సున్నం తెస్తే మాత్రం జాగ్రత్త, నీళ్లు పోయగానే కుతకుతా ఉడికి పైకి ఎగజిమ్ముతుంది, ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు, పాత ఇనప డబ్బాలో నానబెట్టి పిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానీయకు. కంట్లో చుక్క పడినా ప్రమాదమే. ఈ తిప్పలు వద్దనుకుంటే తడిపిన సున్నమే దొరుకుతుంది, అదే కొనుక్కో. వానలకు కొంత పోతుంది, మళ్లీ వచ్చే మార్చిలో ఒక పూత.

నల్ల నీళ్ల ట్యాంకు కూడా డాబా మీదే ఉందా? తడి గోనెసంచులు చుట్టు. మధ్యాహ్నం నల్లా తిప్పితే సలసలా కాగే నీళ్లు రావు.

తర్వాత పడమటి కిటికీ. చాలామంది లోపల మందపాటి పరదా వేసి ఊరుకుంటారు, కానీ అద్దం దాటి వచ్చిన ఎండ ఇంట్లోకి వచ్చినట్టే, పరదా కాగి ఆ వేడి గదిలోనే తిరుగుతుంది. ఎండను బయటే ఆపాలి. వెదురు చిక్ (బద్దల తెర) గానీ, నర్సరీలకు కట్టే ఆకుపచ్చ నెట్ గానీ కిటికీ బయట కట్టు. లోపలికి మీ అమ్మ పాత కాటన్ చీర ఒకటి, లేత రంగుది, అంచు కిందికి వచ్చేలా మడిచి కుట్టావంటే కొన్న పరదా కంటే బాగుంటుంది. కూలర్ ఉంటే దానికి ఎదురు కిటికీ కాస్త తెరిచి ఉంచు. అన్నీ మూసి కూలర్ వేస్తే గంటలో గదంతా జిగటగా అయి, కూలర్ పాడైందని మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. మన దగ్గర ఏప్రిల్, మేలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టే కూలర్ పనిచేస్తుంది, గదిలో తేమ నిండితే అది ఉత్త ఫ్యానే.

ఇప్పుడు అందం. హాల్‌లో సోఫా ముందు సింథటిక్ కార్పెట్ ఉంటే ఈ రెండు నెలలు చుట్టి మంచం కింద పడేయి. వరంగల్ కొత్తవాడకు వెళ్లి నూలు జంపఖానా ఒకటి తెచ్చుకో. ఊళ్లో ఉండి కూడా మనకు దాని విలువ తెలియదు, వరంగల్ తివాచీలు 1851లో లండన్ ప్రదర్శనకు వెళ్లాయి, వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకే అనే ముద్ర) వచ్చింది, మనమేమో ఆన్‌లైన్‌లో ఎక్కడిదో ప్లాస్టిక్ చాప తెప్పించుకుంటాం. ధర సైజును బట్టి, నేతను బట్టి ఉంటుంది, మీ బడ్జెట్‌కు చిన్నదే తీసుకో, మొదటిసారి విడిగా ఉతుకు. గోడకు ఏదో ఒకటి ఉండాల్సిందే అనుకుంటే చేర్యాల ముఖం బొమ్మ చిన్నది ఒకటి చాలు, ఎర్రగా, పెద్ద కళ్లతో, ఉన్న ఒక్క మేకుకే తగిలించొచ్చు. సీరియల్ లైట్లు పోయిన దీపావళివి ఉండే ఉంటాయి, వెతుకు. పూల తీగల బదులు గుమ్మానికి మామిడాకుల తోరణం, మల్లెలు ఎలాగూ ఎండాకాలంలోనే చవక.

పుట్టినరోజు హాల్‌లో ఎందుకు, డాబా మీద పెట్టుకో. సున్నం కొట్టిన డాబా ఉండనే ఉంది. ఎండ వాలాక నీళ్లు చల్లి, అరగంట ఆగి, పక్కింటివాళ్ల జంపఖానాలు కూడా అడిగి పరిస్తే ఏడు గంటలకు గాలి బాగుంటుంది. బెలూన్లు మాత్రం మధ్యాహ్నమే ఊది ఎండలో కట్టకు, ఒక్కొక్కటే పేలుతుంటే చిన్నపిల్లలు జడుసుకుంటారు.

వంట. పొయ్యి దగ్గర నిలబడే పని అంతా పొద్దున ఎనిమిదిలోపు ఒకసారి, సాయంత్రం ఐదు తర్వాత ఒకసారి. మధ్యలో వంటింటి మొహం చూడొద్దు. సర్వపిండి పొద్దున్నే చేసిపెట్టు, అది సన్నమంట మీద మూతపెట్టి నిదానంగా కాలాల్సిందే, ఎండపొద్దు చేసే పని కాదు. పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు దండిగా వేసి పలచగా ఒత్తితే సాయంత్రానికి కూడా కరకరలాడుతుంది, ముక్కలు చేసి పిల్లల చేతుల్లో పెట్టొచ్చు. సాయంత్రం మామిడికాయ పులిహోర, పెరుగన్నం. పదిహేను మందికి కిలోన్నర బియ్యం సరిపోతాయి, కిలో పులిహోరకు, అరకిలో పెరుగన్నానికి. కిలో బియ్యానికి పుల్లటి కాయలు రెండు మూడు, తురుము అంతా ఒకేసారి కలిపేయకు, రుచి చూస్తూ కలుపు. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేయి, తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. మజ్జిగకు లీటరున్నర పెరుగు, నాలుగున్నర లీటర్ల నీళ్లు, మనిషికి రెండు గ్లాసులు వస్తాయి. అల్లం, కరివేపాకు దంచి వేయి.

చికెన్ లేకుండా పుట్టినరోజా అని మీ మామగారు అంటారని నాకు తెలుసు. ఒక్క కూర వండు, అదీ ఐదింటికి మొదలుపెట్టి. మధ్యాహ్నమే వండి గంజులో మూతపెట్టి ఉంచితే ఈ వేడికి సాయంత్రానికి నమ్మలేం. కేక్ చిన్నది చాలు, ఫ్రిజ్‌లోంచి కోసే నిమిషంలోనే బయటికి రావాలి.

మామూలు రోజుల్లో నీ పని ఇంకా తేలిక. కందిపప్పు అరగంట నానబెట్టి, అన్నం, పప్పు కుక్కర్‌లో ఒకేసారి పెట్టేసి, మూడు విజిల్స్‌కు కట్టేసి, పక్కన పచ్చిపులుసు. చింతపండు నీళ్లు, మంట మీద కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ చేత్తో పిసికి, కాస్త నువ్వుల పొడి, పైన జీలకర్ర పోపు. దీనికి పొయ్యి వెలిగేది ఆ మిర్చికి, పోపుకే. ముద్దపప్పు, పచ్చిపులుసు ఉంటే మా ఇంట్లో ఎండాకాలం ఇంకో కూర అడిగినవాళ్లు లేరు. రాత్రికి అటుకులు పెరుగులో నానబెట్టినా ఎవరూ చావరు, రోజూ మూడు పూటలా వేడివేడిగా వండితేనే ఇల్లాలు అనే లెక్క మే నెలలో పక్కన పెట్టు.

ప్రశ్న: నిరుడు పెట్టిన మామిడికాయ తొక్కుకు రెండు నెలల్లోనే బూజు వచ్చింది. ఈసారి మా ఇద్దరికి సరిపడా కొంచెమే పెట్టుకోవాలి. లెక్క చెప్పండి. (కరీంనగర్)

జవాబు: తడి తగిలింది, లేదా ఉప్పు తగ్గింది, లేదా ముక్క నూనె పైకి తేలింది. ఈ మూడే. మన పద్ధతిలో అల్లం, ఎల్లిపాయ వేస్తాం కదా, చాలామందికి బూజు అక్కడినుంచే వస్తుంది. అల్లం కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, చుక్క నీళ్లు వేయకుండా నూరాలి. కాయలు కూడా కడిగి తుడిచాకే కోయాలి, కోసిన తర్వాత నీళ్లు తగలొద్దు.

నాలుగు గ్లాసుల ముక్కలకు గ్లాసు కారం, ముప్పావు గ్లాసు ఉప్పు, ముప్పావు గ్లాసు ఆవపిండి, పావు గ్లాసు అల్లం ఎల్లిపాయ ముద్ద. బీపీ అని ఉప్పు తగ్గించేవాళ్లు తొక్కులో కాదు, తినేటప్పుడు తగ్గించుకోండి. నూనె కాచి, పోపు వేసి, పూర్తిగా చల్లారాకే పోయాలి. మూడో రోజు కలిపి చూసి, ముక్కల మీద నూనె తేలకపోతే ఇంకొంచెం కాచి చల్లార్చి పోయండి. కారం మరీ మండకుండా రంగు ఎర్రగా రావాలంటే చపాట మిరప పట్టించి కలపండి, టమాటా మిరప అంటారే, అదే. 2025లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. బూజు వచ్చిన పాత తొక్కు పైపొర తీసేసి తిందామనుకోకండి, పారేయండి.

ప్రశ్న: అక్కా, మాది మంచిర్యాల. నా భార్యకు ఉదయం డ్యూటీ, వంట నాదే. మూడేళ్ల పాప అన్నం ముట్టట్లేదు, ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింక్ తప్ప. ఏం పెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ఈ ఎండకు మనకే ఆకలి కావట్లేదు, పాపను అనేదేముంది. మధ్యాహ్నం బతిమాలడం మానేసి పొద్దున ఏడింటికి ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి అన్నం పెట్టు. మధ్యలో అంబలి. రాత్రి రెండు చెంచాల రాగిపిండి నీళ్లలో నానబెట్టి, పొద్దున అవే నీళ్లతో ఉండకట్టకుండా ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు. తాటిముంజలు దొరికితే తొక్క తీసి చిన్న ముక్కలు చేసి పెట్టు, అలాగే ఇస్తే గొంతులో జారుతాయి. కూల్‌డ్రింక్ ఇంట్లోకి తేవడం మీరిద్దరూ మానేస్తే పాప నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతుంది.

విరేచనాలు అయితే ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపి, కొద్దికొద్దిగా తాగించు. ప్యాకెట్ లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. మూత్రం తగ్గి, నోరు ఎండి, పాప మబ్బుగా పడుకుంటే వంటింటి చిట్కాలు చూడకు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

ప్రశ్న: వీడియో చూసి మా కొత్త రంజన్‌కు నీలం ఎనామిల్ పెయింటు వేసి, పైన తెల్ల ముగ్గులు గీశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు కానీ నీళ్లు చల్లబడట్లేదు. కుండ మంచిది కాదా? (జగిత్యాల)

జవాబు: కుండ మంచిదేనమ్మా, నువ్వే దాని ఊపిరి ఆపేశావు. మట్టికి ఉండే సన్నని రంధ్రాల్లోంచి నీళ్లు ఊరి, గాలికి ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతాయి, పెయింటు ఆ రంధ్రాలన్నీ మూసేసింది. గీకినా పూర్తిగా పోదు, ఆ రంగు నీళ్లలోకి దిగితే ఇంకో తంటా. దాన్ని గుమ్మం దగ్గర పెట్టి మనీప్లాంట్ వేసుకో, అందంగా ఉందంటున్నావు కదా. నీళ్లకు రంగులేనిది ఇంకోటి కొను, కిటికీ గాలి తగిలేచోట తడి ఇసుక మీద పెట్టు, సబ్బు పెట్టకుండా కొబ్బరి పీచుతో తోము. చెయ్యి ఊరుకోకపోతే మెడ చుట్టూ సున్నంతో సన్నగా ఒక్క గీత ముగ్గు వేసుకో, తోమినప్పుడల్లా పోతుంది, మళ్లీ కొత్తది గీసుకోవచ్చు.