ఏసీకి ఏటా గ్యాస్ ఎందుకు?

ప్రశ్న: చెన్నై తిరువాన్మియూరులో ఉంటున్నాం. ఏసీ చల్లబడటం లేదని చెబితే మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి వెళతాడు. రెండేళ్లలో ఇది మూడోసారి. గట్టిగా అడిగితే చిరాకుపడుతున్నాడు. మోసపోతున్నామా?

జవాబు: మోసమని ఇప్పుడే అనుకోకండి. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. సముద్రం దగ్గర ఉప్పుగాలి కాయిల్‌ని (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టని) తినేసి సన్నటి చిల్లులు పడటం మామూలే. మీరు "చల్లగా లేదు, త్వరగా చూడండి" అంటారు. అతనికి అది "గ్యాస్ నింపు" అన్నట్టే వినిపిస్తుంది. లీకు వెతకడానికి సగం పూట పట్టొచ్చు, దానికి వేరే కూలి ఉంటుందని అతనూ చెప్పడు, మీరూ అడగరు. గొడవంతా అక్కడే.

ఈసారి ఫోన్‌లోనే చెప్పండి: "గ్యాస్ పోడ్రదుక్కు మున్నాడి లీక్ పారుంగ" (తమిళంలో, గ్యాస్ వేసే ముందు లీకు చూడండి అని). లీకు పనికి ఎంత, గ్యాస్‌కి ఎంత అని విడివిడిగా అడగండి. ముందు మీరే ఫిల్టర్ కడిగి చూడండి. అది మూసుకుపోయినా పైపు మీద మంచు పడుతుంది, గ్యాస్ తగ్గినట్టే కనిపిస్తుంది.

అతను వచ్చాక పైపులు కలిసే నట్ల దగ్గర సబ్బునీళ్లు రాయమనండి. బుడగ లేస్తే లీకు అక్కడే. బుడగ రాకపోతే పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి, ఒత్తిడి చూపే గేజ్ ముల్లు దిగుతుందేమో కొన్ని గంటలు ఆగి చూడాలి. లీకు మూశాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేయాలి. ఈ పని ఎగ్గొడితే కంప్రెసర్ దెబ్బతింటుంది. గ్యాస్ మాత్రం అంచనాతో కాదు, అవుట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద రాసినంత, కాటా మీద తూచి వేయాలి. బిల్లులో గ్యాస్ పేరు, గ్రాములు రాయించుకోండి. అన్నీ చేసినా మాట తప్పితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఆ బిల్లే ఆధారం.