ఉత్త చేతులతోనైనా చర్చికి రా

బిడ్డా,

నీకూ కోడలికీ ప్రభువు నామంలో వందనాలు.

పత్తి వానకు తడిసి నల్లబడిందనీ, రెండో బోరులోనూ నీళ్లు పడలేదనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కానుక వేయడానికి పైసలు లేవని సిగ్గుపడి చర్చికి కూడా పోవడం లేదట. ఆ సిగ్గు వదిలెయ్. ఉత్త చేతులతో వచ్చి ముందు వరుసలో కూర్చో. కానుక పంపితే నూరంతలు తిరిగొస్తుందని టీవీలో ఎవరు చెప్పినా, అప్పు తెచ్చి మాత్రం పంపకు. తల్లిదండ్రులకు అక్కరకు రావలసింది దేవునికిచ్చేశామని తప్పించుకున్నవాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో చూడు. అమ్మ బీపీ గోళీలు, పిల్లల ఫీజు ముందు.

ఈ వారం రెండో రాజుల గ్రంథం 4వ అధ్యాయం కోడలితో కలిసి చదువు. అప్పులవాడు విధవరాలి ఇద్దరు కొడుకులను పట్టుకుపోవడానికి వస్తే, ఎలీషా ప్రవక్త ముందు "నీ ఇంట్లో ఏముంది?" అని ఆమెను అడిగాడు. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ గిన్నెలు అడిగి తెచ్చుకోమన్నాడు. అంటే ఆమె కష్టం వాడకంతా తెలిసే ఉంటుంది. ఆమె తలుపు మూసుకుని ఇంట్లో ఉన్న ఆ కాస్త నూనె పోసింది, గిన్నెలన్నీ నిండాయి. అప్పుడు ఆ దైవజనుడు, నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అన్నాడు. తనకు కానుక అడగలేదు. అంత అద్భుతం జరిగిన ఇంట్లో కూడా అప్పు తీర్చడమే మొదటి పని అయింది. నాకు ఆ వరుస చాలా ఇష్టం.

నువ్వూ అలాగే చెయ్. ఎవరికి ఎంత ఇవ్వాలో దాచకుండా కాగితం మీద రాయి. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకులో 3 లక్షల లోపు పంట రుణానికి 7 శాతమే. కాబట్టి బయటి అప్పే ముందు తీరాలి.

హైదరాబాద్ పనికి పోవలసి వస్తే పో, మన పాలమూరోళ్లకు వలస కొత్త కాదు. అక్కడ దగ్గర్లో ఉన్న సంఘంలో చేరు. రాత్రి ఫోన్లోనైనా పిల్లలతో కలిసి ప్రార్థన చెయ్.

నిద్ర పట్టడం లేదని కూడా విన్నాను. ఏలీయా ప్రవక్త అంతటివాడే బదరీ చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసెయ్యమని దేవుణ్ణి అడిగాడు. దేవదూత అతనికి ప్రసంగం చెప్పలేదు. రొట్టె, నీళ్లు పెట్టి లేపి తినమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. మందు చల్లే పని కొన్నాళ్లు తమ్ముడికి అప్పగించు, డబ్బా ఇంట్లో ఉంచకు. మనసు బరువెక్కితే అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన 14416 నంబరుకి చేసినా మాట్లాడతారు, పైసలు అడగరు. డాక్టరు దగ్గరికి పోవడం అవిశ్వాసం కాదు. మన మిషన్ పెద్దలు జడ్చర్లలో ఆసుపత్రి పెట్టింది అందుకే కదా.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారితో కలిసి మీ ఇంటికొస్తాను. పాస్‌బుక్కు, అప్పుల కాగితాలు తీసి పెట్టు.

మీ పెద్దమ్మ